ఇరవైయేడవ నాటి మచ్చ

సర్వకర్మలకు సాక్షియై, తనను చూడవచ్చినవారి కన్నులను ముందుగా తానే పరీక్షించు వెలుగుల దొరకు నమస్కరించి, శ్రీ విశ్వావసు నామ సంవత్సరము, ఉత్తరాయణము, శిశిర ఋతువు, మాఘ శుద్ధ సప్తమి, భానువారము నాడు ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

ఈ ఉదయము జిల్లేడాకులు తలపై నుంచుకొని స్నానము చేసి, చిక్కుడాకులలో పరమాన్నము నివేదించి కూర్చుండగా, మా అన్నగారి కూతురు తన ఫోనును నా ముఖమునకు చేర్చి "చూడత్తా, మా దోస్తు తీసిండు, సూర్యున్ని" అన్నది. నారింజవన్నె బింబము. దాని అంచున మినపగింజంత నల్లని మచ్చ. ఎవరైనను ఆశ్చర్యపడవలసిన చోట నా నోట వచ్చిన మాట ఇది: "ఏ మిద్దె మీదనుండి తీసినాడు? ఎదుట ఎవరి ఇల్లున్నది?" ఆ పిల్ల నవ్వి వెళ్లిపోయినది. నాకు నవ్వు రాలేదు. ఆ ప్రశ్న నాకు పదునాలుగవ యేట మా ఇంటిలో నేర్పబడినది.

తొంభైల దశకపు తొలినాళ్లు. చిక్కడపల్లి కూరగాయల బజారు వెనుకనుండి అశోక్ నగర్ వైపు సాగిపోవు సందులో మా తాతగారి ఇల్లు. క్రింద మూడు గదులు, పైన మిద్దె, మిద్దెమీద ఒక రేకుల గది, దాని ప్రక్కన నీళ్ల ట్యాంకు. బాపు ఉద్యోగము వేరే ఊరిలో. అమ్మ ఆయన వెంట. చదువు కొరకు నన్ను తాతగారి దగ్గర ఉంచినారు. తాతగారు నారాయణగూడలో ఒక బడిలో ముప్పదియేండ్లు తెలుగు పండితులుగా పనిచేసినవారు. పంచాంగము చూడక గోళ్లు కూడ తీయించుకొనరు. సాయంకాలము నాకు నిఘంటు శ్లోకములు చెప్పేవారు; తప్పు చదివినచో కొట్టరు, కండ్లద్దములు తీసి తుడుచుకొనేవారు. దెబ్బకంటె అదియే నాకు భయము. ఇంటిలో మూడవ మనిషి మా మేనత్త. పెండ్లయిన రెండవ యేడు భర్త పోగా పుట్టింటికి వచ్చి, చిన్నపిల్లల బడిలో టీచరుగా పనిచేసేది. ఆమె గొంతు వంటగది గడప దాటి వినబడేది కాదు.

మాఘమాసములో రేకుల గదికి ఒకాయన కిరాయికి వచ్చినాడు. పాలమూరు జిల్లావాడు, ముప్పది అయిదేండ్లుండవచ్చును. తల్లిదండ్రులు కట్టడముల కూలికై వలసరాగా ముషీరాబాదు బస్తీలో పెరిగి, చిక్కడపల్లిలో ఒక అచ్చు ప్రెస్సులో కెమెరా పని నేర్చినాడు. ఆ కాలమున పెండ్లిపత్రికయైనను, గోడకంటించు పోస్టరైనను ముందుగా పెద్ద కెమెరాతో ఫిల్మ్ మీదికెక్కించి, ఆ ఫిల్మ్ నుండి అచ్చు రేకు తయారుచేసేవారు. ఆ ఫిల్మ్ తీయువాడు ఈయన. పని మధ్యాహ్నము పన్నెండింటికి మొదలు, ఉదయమంతయు ఖాళీ. తాతగారి మొదటి అనుమానము అక్కడనే పుట్టినది. "పొద్దుగాల ఇంట్ల కూసుండే మగోడు ఏం పనోడు?" అన్నారు.

రెండవ అనుమానము వాసనది. ఆయన మెట్లెక్కి పోయినచో వెనుక అచ్చుసిరా వాసన, కిరసనాయిలు వాసన, వాటి వెనుక సిర్కా వంటి పుల్లని వాసన ఒకటి చాలసేపు నిలిచేవి. ఫిల్మ్ కడుగు మందు అని ఆయన చెప్పినాడు. మేము నమ్మలేదు.

మూడవది గొట్టము. ఇంటి మురుగునీటికి వేయు తెల్లని పైపు, నాలుగడుగుల పొడవు. ఒక కొసన జుమ్మేరాత్ బజారులో దొరికిన పాత కటకము, రెండవ కొసన కెమెరా. ప్రతి ఉదయము ఎనిమిదింటికి దానిని ముక్కాలి చట్రముపై తూర్పునకు నిలిపి, ముందుకొసకు ఒక డబ్బామూత బిగించి, తలపై నల్లగుడ్డ కప్పుకొని అందులో దూరేవాడు. తూర్పున సందుకావల ఆడపిల్లల హాస్టలు. సర్కారు నౌకరీ పరీక్షల కోచింగునకు వచ్చిన అమ్మాయిలు తల ఆరబెట్టుకొనుటకును, బట్టలు ఆరవేయుటకును ఉదయము ఆ మిద్దెమీదికే వచ్చేవారు. సూర్యుడును ఆ మిద్దె పైనుండియే లేచేవాడు. ఇందులో ఎవరి తప్పును లేదు.

ఒకనాడు ఆ హాస్టలు వార్డెనమ్మ చెప్పులు విడువకనే మా వసారాలోనికి వచ్చినది.

"పంతులు సాబ్, మీ కిరాయిదారు మా పోరిల దిక్కు ఫిరంగి లెక్క తోపు పెట్టి కూసుంటుండు. మీకు ఎరికేనా?"

"తోపు కాదమ్మా, దుర్భిణి. సూర్యున్ని చూస్తడట" అన్నారు తాతగారు.

"సూర్యున్నా? నక్షత్రాలు చూస్తున్నన్నా జర నమ్మొచ్చు. సూర్యుడు ఊకెనే కనబడుతడు కదా, ఆయనకు దుర్భిణి ఎందుకు? మా పిల్లల తల్లిదండ్రులు నన్ను నమ్మి పంపిన్రు. గిట్లనే నడిస్తె నేను ఠాణాకు పోత."

ఆమె వెళ్లిన తరువాత తాతగారు కండ్లద్దములు తీసి తుడుచుకొన్నారు. "ఆమె చెప్పింది మాట. నాకు రుజువు కావాలె" అని నన్ను పిలిచినారు. అది వడియముల కాలము. అత్త తెల్లవారుజామున లేచి సగ్గుబియ్యపు జావ కాచి, అల్లము, పచ్చిమిరప, జీలకర్ర నూరి కలిపి, మిద్దెమీద పాత ధోవతి పరచి గరిటెతో వడియములు పెట్టేది. కాకులను తోలు పని నాది. "కాకులను చూసినట్టు చూడు, ఆయన్ను చూసి రాయి. చూసింది మొత్తం రాయి" అన్నారు తాతగారు. ఆ జావ వాసన, దానిలో కలిసి వచ్చు ఫిల్మ్ మందు వాసన నాకు నేటికిని వేరు చేయరానివి.

ట్యాంకు వెనుక కూర్చుండి నేను వ్రాసిన మొదటి పుట ఫాల్గుణ శుద్ధ విదియ నాటిది. తాతగారికి తిథి ఇష్టమైనను బడిపిల్లను గనుక తారీఖు వేసినాను. "ఎనిమిది గంటల అయిదు నిమిషములకు వచ్చెను. మూత బిగించెను. నల్లగుడ్డలో దూరెను. ఒక్కడే చప్పట్లు కొట్టెను." ఆ చివరి వాక్యము సాయంకాలము చదివి వినిపించగా తాతగారి కనుబొమలు ముడివడినవి.

పుస్తకమును నేనెన్నడును ఆయన చేతికి ఇయ్యలేదు; చదివి మాత్రము వినిపించితిని. అష్టమినాడు దానికి కారణము కూడ ఏర్పడినది. ఆనాడు అత్త వడియములు పెట్టి లేచి, కొంగుతో చేతులు తుడుచుకొనుచు, ఆయనకు నాలుగడుగుల దూరమున నిలిచి అడిగినది.

"ఏం కనబడుతది అందుల?"

"చూడక్కా" అని ఆయన కెమెరా తీసి చూచు కటకము బిగించి, తాను ప్రక్కకు జరిగినాడు. "పైపుకు చెయ్యి తాకకుండ చూడు."

అత్త వంగి చూచినది. చాలసేపు చూచినది. "అయ్యో, బొట్టు పెట్టుకున్నడు" అని ఫక్కున నవ్వినది. ఆ ఇంటికి తిరిగివచ్చిన తరువాత ఆమె అంత పెద్దగా నవ్వుట నేను వినుట అదే మొదలు. దశమినాడు మరల చూచినది. చూచినదంతయు వ్రాయుమన్న ఆజ్ఞ ప్రకారము రెండును వ్రాసినాను: "అత్త గొట్టములో చూచినది. నవ్వినది." సాయంకాలము చదువునపుడు ఆ వాక్యములను మ్రింగివేసినాను. విధవయైన కూతురు పరాయి మగవాని గొట్టములో కన్ను పెట్టినదని తెలిసినచో తాతగారు ఆమెను బడి కూడ మాన్పించేవారు. అది నాకును తెలియును, ఆమెకును తెలియును.

కాముని పున్నమినాడు నేనొక పరీక్ష చేసినాను. మోదుగుపూలు ఉడికించిన రంగునీళ్లను పిచికారీలో నింపి, ట్యాంకు చాటునుండి ఆయనపై చిమ్మినాను. ఆయన దేనిని కాపాడుకొనునో చూడవలెనని నా యుక్తి. ఆయన కెమెరాను వదలినాడు, గొట్టమును వదలినాడు. ముందుకొసనున్న మూతను లాగి అంగీ లోపల పెట్టుకొని నేలపై ముడుచుకొన్నాడు. రహస్యమంతయు ఆ మూతలోనే ఉన్నదని ఆ సాయంకాలము తాతగారికి విన్నవించినాను. అంత మెప్పు ఏ శ్లోకమునకును నాకు దొరకలేదు.

బహుళ పంచమినాటి మధ్యాహ్నము, ఆయన ప్రెస్సుకు పోయిన తరువాత, తాతగారు రెండవ తాళపుచెవితో గది తెరచినారు. వార్డెనమ్మ, అత్త, నేను వెంట ఉన్నాము. గదిలో ఒక దండెమునకు వరుసగా ఫిల్మ్ ముక్కలు వ్రేలాడుచున్నవి. ఫిల్మ్ మీద నలుపు తెలుపు తారుమారగును గనుక ఒక్కొక్కదానిపై నల్లని గుండ్రము, దానిలో తెల్లని చుక్క.

"ఇవేంది, మాడిన అప్పాలా?" అన్నది వార్డెనమ్మ.

తాతగారు ఒకటి తీసి వెలుతురునకు పట్టినారు. "సూర్యుడు నల్లగ, మచ్చ తెల్లగనా? కళంకం చంద్రునికి విన్నం గాని సూర్యునికి నేనెన్నడు వినలే. ఫిల్మ్ మీద సన్న బొక్కలు పడితే ఎర్రరంగుతోని పూడ్చుడు ప్రెస్సోల్ల పని. పూడ్చెటోనికి పెట్టుడు రాదా? ఇవన్ని గీసినయే."

గొట్టమును బయటికి తెచ్చి చట్రముపై నిలిపి, తిన్నగా హాస్టలు కిటికీ వైపు త్రిప్పినాము. తాతగారు చూచినారు. కటిక చీకటి. వార్డెనమ్మ చూచినది. చీకటి. ఆమె నడుముపై చేతులుంచుకొని, "చూసిన్రా? మనం చూస్తె బందు! ఏదో కిటుకు పెట్టి పోయిండు" అన్నది.

"ముంగట మూత ఉన్నది తాతా. ఆ మూత ఆయన చూసేటప్పుడు ఎన్నడు తియ్యడు" అన్నాను.

"తియ్యకుంటె ఏం కనబడతది? ఏం కనబడకుంటె రోజు ఎందుకు చూస్తడు?" అన్నారు తాతగారు.

ఈ ప్రశ్నకు సమాధానము తెలిసిన మనిషి మాలో ఒక్కతె ఉన్నది. అత్త ఎదుటి హాస్టలు దండెముమీది బట్టలను చూచుచు నిలిచినది. గొట్టమును హాస్టలు నుండి సూర్యుని వైపు త్రిప్పుదమని మాలో ఎవరికిని తోచలేదు. మాకు సూర్యునితో పనిలేదు.

అంతలో మెట్లపై అడుగుల చప్పుడు. కత్తెర మరచిపోయి దానికై తిరిగివచ్చిన ఆయన గుమ్మము దగ్గర నిలిచిపోయినాడు. అరచునని ఎదురుచూచినాము. అరవలేదు.

"ఇల్లు మీది, తాళం మీది పంతులుగారు. ఆ మూతను మాత్రం ముట్టకుండ్రి. డబ్బామూత నడిమిట్ల కోసి వెండిపూత పొర అతికిచ్చిన. పుణె నుంచి తెప్పిచ్చిన పొర అది. వెలుగు లక్ష పాళ్లుంటె ఒక్క పాలే లోపలికి రానిస్తది. అది చినిగితే సూర్యున్ని చూసేటోల్ల కన్ను పోతది. అది ఉన్నంతసేపు సూర్యుడు తప్ప ఇంకేది కనబడది. చార్మినారు తెచ్చి ముంగట పెట్టినా కనబడది."

"ఈ మచ్చలు?" తాతగారు ఫిల్మ్ ఊపినారు. "గీసినయి కాదని ఏంది రుజువు?"

"గీసినయైతే ఉన్నకాడనే ఉంటయ్. ఇది నడుస్తది. సూర్యుడు తన చుట్టు తను తిరుగుతడు సార్. విదియ నాడు తూర్పు అంచుకు వచ్చింది. నేను సంబురానికి చప్పట్లు గూడ కొట్టిన. పున్నమికి పడమటి అంచు దాటిపోయింది. ఇరవైయేడు దినాలకు మల్ల తూర్పుకు రావాలె." ఆయన గదిలోని దండెముపై ఖాళీగా ఉన్న సగమును చూపినాడు. "ఒక్క చుట్టు పూర్తిగ ఫొటోలు పెట్టాలెనని నా ఆశ. ఇది నాకు మూడో మిద్దె. మొదటి రెండిట్ల సగం చుట్టుకే ఎల్లగొట్టిన్రు."

"రాకుంటె?"

"కరిగిపోతె రాదు. గాని ఇది పెద్దది. వస్తదనుకుంటున్న."

 తాతగారు అన్యాయము చేయువారు కారు. అనుమానము న్యాయమునకు సోదరి యని నమ్మువారు. "ఇరవైయేడో నాడు నేనే చూస్త. మచ్చ వచ్చిందా, నువ్వు ఎన్నేండ్లన్న ఉండు. రాకుంటె ఆ రోజే గది ఖాళీ చెయ్యి" అన్నారు. ఆయన తల ఊపినాడు. వార్డెనమ్మ సాక్షి.

ఆ రాత్రియే తాతగారు పంచాంగము విప్పి, విదియ మొదలు వ్రేళ్ల కణుపులపై లెక్కపెట్టి, బహుళ త్రయోదశి దగ్గర పసుపుబొట్టు పెట్టినారు. విదియను కలుపుకొని త్రయోదశి ఇరవైయేడవ తిథి. ఆ మాసములో ఒక తిథి క్షయమైనది; సూర్యోదయము చూడకనే దాటిపోయిన ఆ తిథియు ఆయన కణుపులలో చేరినది. నా పుస్తకములోని తారీఖులు లెక్కించినచో త్రయోదశికి గడచునవి ఇరవై అయిదు దినములే. రెండుమార్లు లెక్కించి చూచినాను. చెప్పలేదు. పంచాంగమును తప్పుపట్టుటకు నాకు వయస్సు చాలదు. అదిగాక, మచ్చ రాదేమో, ఆయన నిజముగానే దొంగయేమో యన్న ఆశ వంటి అనుమానము నాలో ఇంకను ఉన్నది.

త్రయోదశి ఉదయము ఆకాశము కడిగిన కంచమువలె ఉన్నది. తాతగారు స్నానము చేసి, మడి ధోవతితో వచ్చి, సూర్యునికి అర్ఘ్యమిచ్చి, ఆ తరువాత గొట్టములో కన్ను పెట్టినారు. జీవితములో మొదటిసారి ఆయన సూర్యుని అంత దగ్గరగా చూచుట. చాలసేపు కదలలేదు. పైకి లేచినపుడు ఆయన కంఠము మెత్తబడి ఉన్నది.

"ఎంత సక్కగున్నడు! అంచు గీసినట్టున్నది." మరల గట్టిపడినది. "మచ్చ లేదు."

"ఇంక రెండు దినాలున్నయ్ పంతులుగారు. ఇయ్యాల్టికి ఇరవై ఐదే."

"విదియ నుంచి త్రయోదశి ఇరవైయేడు. నేను లెక్కపెట్టిన."

"మీరు లెక్కపెట్టింది తిథులు సార్. తిథి చంద్రుని లెక్క. నేను చెప్పింది దినాలు."

"తిథి లేని దినం ఉంటదా?" తాతగారి గొంతు లేచినది.

సాక్షిగా వచ్చిన వార్డెనమ్మ చేయి త్రిప్పినది. "ఇయ్యాల రెండు దినాలంటడు, ఎల్లుండి మల్ల రెండంటడు. మాట మాటనే."

అపుడాయన నావైపు తిరిగినాడు. "పాపా, జర నీ బుక్కు తే. ట్యాంకు ఎనుక కూసోని రోజు తారీఖు ఏసి రాస్తవు కదా. నేను చప్పట్లు కొట్టినకాడికెల్లి ఎన్ని తారీఖులయినయో చదువు. అంతే."

మొదటి దినమునుండియు ఆయనకు తెలియును. తెలిసియు ఒక్కనాడైనను నావైపు కన్నెత్తి చూడలేదు.

నా చేతి క్రింద, వడియముల ధోవతి మడతలో పుస్తకమున్నది. ధోవతి రెండవ కొసను పట్టుకొన్న అత్త చేయి ఆగిపోయినది. తాతగారు చేయి చాచినారు. "తే బిడ్డా. నేనే చదువుత."

నేను చదివినచో వాక్యములు మ్రింగగలను. ఆయన చదివినచో మ్రింగలేను.

"బుక్కు లేదు తాతా," అన్నాను. "నేనేం రాయలే."

కిరాయిదారు నన్ను చూచినాడు. పిమ్మట అత్తను చూచినాడు. 'ఈమె రెండుమార్లు చూచినది, ఈమెనడుగుండ్రి' అని ఆ క్షణమున అనగలిగినవాడు ఆయన ఒక్కడే. "సరే బిడ్డా" అని మాత్రము అని, మూతను విప్పి, అంగీతో పొరకు ధూళి తగులకుండ చుట్టి, సామాను సర్దుకొనసాగినాడు.

ఆ సాయంకాలము అత్త ఏమియు అడుగక నా పుస్తకము తీసికొని, నీళ్ల పొయ్యిలో పుట పుటగా వేసినది.  మరునాటినుండి వడియములు క్రింది వసారాలోనే పెట్టినది. అక్కడ ఎండ చాలక అవి బూజుపట్టినవి.

ఇన్నేండ్ల తరువాత ఆనాటి అందరిని నేను క్షమించగలుగుచున్నాను. తాతగారు తన లెక్కను తాను నమ్మినారు. వార్డెనమ్మ తన పిల్లలను కాచుకొన్నది. అత్త తన బ్రతుకును. నన్ను గూర్చియే నాకు నమ్మకము లేదు. ఆ అబద్ధము అత్త కొరకు ఆడితినా, లేక నేను వాక్యములు మ్రింగి చదివినట్లు బయటపడునని, తాతగారు నా యెదుట కండ్లద్దములు తీసి తుడుచుకొనునని భయపడి ఆడితినా? అడిగినప్పుడెల్ల మనస్సు మొదటిదే చెప్పును. మనస్సు సాక్ష్యమును నేను అంగీకరింపను.

ఆయన ఫాల్గుణ బహుళ త్రయోదశినాడు మధ్యాహ్నమునకు ముందే గది ఖాళీ చేసినాడు. మచ్చ అమావాస్యనాటి ఉదయము తూర్పు అంచునకు వచ్చినది. ప్రెస్సు మిద్దెమీదనుండి తీసిన ఆ ఛాయాచిత్రము, వెనుక ఆనాటి తారీఖు తప్ప మరి యే మాటయు లేక, చైత్ర శుద్ధ షష్ఠినాడు టపాలో తాతగారి పేర చేరినది. తాతగారు దానిని భూతద్దముతో గంటసేపు చూచి, మచ్చను గోటితో గీకినారు. అది పోలేదు. పై గదిని ఆయన మరల ఎవరికిని కిరాయికి ఇయ్యలేదు.